ఉన్న వంగడాన్ని కాపాడే పరిశోధన

వరి దిగుబడి పెరగాలంటే సరికొత్త వంగడాలే శరణ్యమంటూ మీ పత్రికలో ఒక వ్యాసకర్త వెలిబుచ్చిన అభిప్రాయంతో నేను పూర్తిగా ఏకీభవించలేను. రైతు ఇప్పటికే నమ్ముకున్న రకానికి ఉన్న ఒక్క లోపాన్ని సరిదిద్దడం కూడా దిగుబడిని నిలబెట్టే పరిశోధనే. మారుటేరు వరి పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ రకాన్ని మన రైతులతో పాటు ఒడిశా, బెంగాల్ రైతులూ ఆదరించారు గాని, అది ముంపునకు తట్టుకోలేకపోయేది. ఒడిశాకే చెందిన ఎఫ్‌ఆర్ 13ఎ అనే పాత రకంలోని, ముంపును తట్టుకునే శక్తినిచ్చే సబ్1 జన్యువును, జన్యుమార్పిడితో కాక సంకరణంతోనూ మార్కర్ల (కావలసిన జన్యువు మొక్కలో ఉందో లేదో తెలిపే డీఎన్‌ఏ గుర్తుల) సాయంతో చేసిన ఎంపికతోనూ, అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు స్వర్ణలోకి తెచ్చారు. 2009లో మన దేశంలో విడుదలైన స్వర్ణ సబ్1 పైరు, దాదాపు రెండు వారాలు నీట మునిగినా, ఎదుగుదలను ఆపుకొని, పిండిపదార్థాన్ని పొదుపు చేసుకొని, నీరు తీశాక మళ్లీ చిగురిస్తుంది. బాపట్ల సాంబ మసూరికి బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను హైదరాబాదు శాస్త్రవేత్తలు చేర్చినదీ ఈ పద్ధతిలోనే. గింజ నాణ్యత చెడకుండా చేయగలగడం అందులో మరీ మెచ్చదగిన సంగతి. సబ్1 లాంటి జన్యువులు పాత రకాల్లో దొరుకుతాయి కనుక, ఎవరూ సాగు చేయని పాత రకాల విత్తనాన్ని జన్యు బ్యాంకుల్లో భద్రపరిచే పనికి నిధులు తగ్గించరాదని నేను గట్టిగా కోరుతున్నాను.