హైదరాబాద్‌లో నీళ్లు 98 డిగ్రీలకే మరుగుతాయి

మన నగరం సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. గాలి పీడనం ఆ మేరకు తక్కువ కాబట్టి ఇక్కడ నీళ్లు 98 డిగ్రీలు దాటగానే మరుగుతాయి. అయినా లోహపు విశిష్టోష్ణం (ఒక గ్రామును ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావలసిన వేడి) కనుక్కొనే ప్రయోగంలో నేను దిద్దిన రికార్డులన్నిటిలో ఒకే మాట: 'వేడిచేసిన లోహం ఉష్ణోగ్రత 100'. థర్మామీటరు వైపు చూసిన పిల్లలు రాయగలిగిన అంకె కాదది.

చెప్పుకోవడానికి ప్రయోగం చిన్నదే. మరిగే నీటిలో కాచిన లోహపు ముక్కను చన్నీళ్లున్న రాగి కెలోరీమీటరులో, అంటే వేడిని కొలిచే పాత్రలో వేసి, కలిపి, నీరు ఎంత వేడెక్కిందో చూడాలి. లోహం వదిలిన వేడి, నీరూ పాత్రా కలిసి పుచ్చుకున్న వేడి సమానం. వేడి వేరు, ఉష్ణోగ్రత వేరు అని 1760ల్లో స్కాట్లండ్‌లో శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్ తేల్చి చెప్పింది ఇలాంటి కొలతల బలంతోనే.

లెక్క వేసి చూద్దాం. 200 గ్రాముల రాగి ముక్క, 100 గ్రాముల నీరు, 60 గ్రాముల రాగి పాత్ర. నీరు 28 డిగ్రీల దగ్గర, ముక్క 98 దగ్గర మొదలైతే రెండూ కలిసి 38.4 దగ్గర నిలుస్తాయి. రాగి విశిష్టోష్ణం 0.092 కెలోరీలుగా వస్తుంది. 98కి బదులు 100 వేస్తే 0.089. పాత్రను లెక్కలోంచి వదిలేస్తే 0.087. తుది ఉష్ణోగ్రతను అర డిగ్రీ తక్కువగా చదివినా అంతే. వీటన్నిటికంటే పెద్ద దొంగ తడి. ముక్కకు అంటుకొని వచ్చే రెండు గ్రాముల మరిగిన నీరు 20 గ్రాములకు పైబడిన రాగితో సమానంగా వేడిని మోసుకొస్తుంది. జవాబు పది శాతానికి మించి పెరిగిపోతుంది. లోహాన్ని నీటిలో ముంచకుండా, చుట్టూ ఆవిరి తిరిగే గొట్టంలో పొడిగా వేడిచేయమనేది ఇందుకే.

ఇక నెత్తిమీద తిరిగే ఫ్యాను. వేసవిలో దాన్ని ఆపమంటే తరగతి మొత్తం మూలుగుతుంది, కానీ ఆ గాలి పాత్రలోని వేడిని లాక్కుపోతుంది కాబట్టి ఆపి తీరాలి. గదికీ పాత్రకూ మధ్య మిగిలే వేడి రాకపోకలకు రమ్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్త చూపిన ఉపాయం ఒకటుంది: నీరు పది డిగ్రీలు వేడెక్కుతుందనుకుంటే, గది కంటే ఐదు డిగ్రీలు చల్లని నీటితో మొదలుపెట్టాలి. మొదటి సగంలో గది నుంచి వచ్చిన వేడి, రెండో సగంలో గదిలోకి పోయిన వేడి చాలావరకు సరిపోతాయి. మే నెలలో మన ల్యాబ్‌లకు కుండ నీళ్లు చాలు.

ఇంత ఆలోచన ఇమిడి ఉన్న ప్రయోగాన్ని మనం ఒక్క అంకెకు కుదించాం. 0.092 రావాలని ముందే తెలుసు కనుక పిల్లలు జవాబు నుంచి వెనక్కి లెక్క కట్టి రీడింగులు పుట్టిస్తున్నారు. తప్పు వాళ్లది కాదు, అంకె కలిస్తేనే మార్కులు వేసే మాది. టైటానియం మిశ్రమలోహాలు, సూపర్ అల్లాయ్‌లు తయారుచేసే మిధాని, లోహాలపై పరిశోధించే డీఎంఆర్‌ఎల్ ఇదే నగరంలో కంచన్‌బాగ్‌లో ఉన్నాయి. అలాంటి చోట పనిచేయవలసిన పిల్లలకు రీడింగులు కల్పించడం నేర్పుతున్నామన్న బాధ నన్ను వదలడం లేదు.

పరీక్షలో రంగు పూసిన ముక్క ఇవ్వండి, పేరు చెప్పకండి. సీసమైతే 0.031, అల్యూమినియమైతే 0.215; ఆ తేడా ఎవరికైనా తెలుస్తుంది. రాగి, ఇత్తడి మాత్రం ఇంచుమించు ఒకటే. 'నా కొలతలో ఐదు శాతం తేడా ఉండవచ్చు, కాబట్టి ఇది రాగో ఇత్తడో నేను చెప్పలేను' అని రాసిన అమ్మాయికి నేనైతే పూర్తి మార్కులు వేస్తాను.