సవరణ: బాడ్ వేరు, బిట్ వేరు

డయలప్ మోడెమ్‌ల (ఫోన్ లైన్ ద్వారా కంప్యూటర్లను కలిపే పరికరాల) మీద నేను రాసిన పోస్టులో "2400 బాడ్ మోడెమ్ సెకనుకు 2400 బిట్లు పంపుతుంది" అన్నాను. తప్పు. అప్పట్లో చాలామంది అలాగే అనేవాళ్ళు, నా నోటికీ అదే అలవాటైపోయింది.

బిట్ అంటే ఒక 0 గానీ, ఒక 1 గానీ. ఫోన్ లైన్ మీద సిగ్నల్ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్కే బాడ్. ఫ్రెంచి టెలిగ్రాఫ్ ఇంజనీరు ఎమిల్ బోదో పేరు మీద వచ్చిన మాట. అమెరికాలోని పాత బెల్ 103 మోడెమ్‌లో ఒక్కో మార్పుకు ఒక్క బిట్టే వెళ్ళేది. 300 బాడ్ అన్నా, 300 బిట్లన్నా ఒకటే. ఈ తికమక అక్కడే మొదలైందని నా అనుమానం.

సెకనుకు 2400 బిట్ల వేగం ఇచ్చిన వి.22బిస్ అనే మోడెమ్ ప్రమాణంలో సిగ్నల్ మారేది సెకనుకు 600 సార్లే. కాకపోతే తరంగం ఎత్తు, ఫేజు (అల ఏ దశలో మొదలవుతుందన్నది) కలిపి 16 రకాలుగా మారగలదు. 16 రకాలంటే ఒక్కో మార్పులో 4 బిట్లు ఇమిడిపోతాయి. చిన్నప్పటి ఎక్కమే: ఆరు నాలుగుల ఇరవై నాలుగు. అంటే అది నిజానికి 600 బాడ్ మోడెమ్.

ఇంకో పొరపాటు కూడా ఉంది. అక్షరానికి 8 బిట్లనుకుని, 2400ని 8తో భాగించి సెకనుకు 300 అక్షరాలని రాశాను. ఎర్రర్ కరెక్షన్ (తప్పులు సరిదిద్దే ఏర్పాటు) లేని మామూలు కనెక్షన్‌లో ప్రతి అక్షరానికీ ముందు ఒక స్టార్ట్ బిట్, వెనక ఒక స్టాప్ బిట్ తోడొస్తాయి. కాబట్టి భాగించాల్సింది 10తో, వచ్చేది 240. వరుసకు 80 అక్షరాలు, 25 వరుసలు ఉన్న తెర నిండడానికి 8 సెకన్లు దాటుతుంది. వరుస తర్వాత వరుస దిగుతుంటే మనం చదువుతూ పోవచ్చు!

పాత పోస్టులో రెండు చోట్లా దిద్దాను.