పాత రైస్ కుక్కర్ కూడా చరిత్రే, జనం చూసే చోట ఉండాలి

జపాన్‌లో కవాసకి సిటీలో తోషిబా వాళ్ళ సైన్స్ మ్యూజియం 1961 నుంచీ ఉంది, 1930 నాటి ఆ దేశపు మొట్టమొదటి వాషింగ్ మెషీన్, ఫ్రిజ్, ఇంకా 1955లో అమ్మకానికొచ్చిన మొదటి ఆటోమేటిక్ రైస్ కుక్కర్ మోడల్ జనం అక్కడ చూసేవాళ్ళు. 2024 జూన్ చివర్లో మామూలు సందర్శకులకి దాన్ని మూసేశారు. కంపెనీ సొమ్ము కంపెనీ ఇష్టం అనొచ్చు, కానీ నాకు మాత్రం ఇది చాలా పెద్ద నష్టం అనిపిస్తుంది.

ఎందుకంటే ఆ కుక్కర్ ఒక్క ఫ్యాక్టరీలో పుట్టింది కాదు. తోషిబా ఆ పనిని యోషితాద మినామి అనే చిన్న వర్క్‌షాప్ ఓనర్‌కి అప్పజెప్పింది, ఆయన భార్య ఫుమికో ఇంట్లో అన్నం వండుతూ, ఎంత వేడికి ఎంతసేపట్లో ఉడుకుతుందో చూస్తూ, కుదరకపోతే మళ్ళీ వండుతూ పోయింది. చివరికి తేలిందేంటంటే రెండు గిన్నెలు పెట్టి బయటి దాంట్లో కొలిచి నీళ్ళు పొయ్యాలి, 20 నిమిషాల్లో అవి ఆవిరైపోతే వేడి 100 డిగ్రీలు దాటుతుంది, అప్పుడు బైమెటల్ రేకు, అంటే రెండు లోహాలు కలిపి అతికించిన రేకు, వేడికి వంగి కరెంట్ ఆపేస్తుంది. ఎంత తెలివైన పని! అందులో సగం ఇంజనీరింగ్ వంటింట్లోనే జరిగింది, ఆ సంగతి మ్యూజియం చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు?

మన దగ్గర గంజి వార్చే ఇళ్ళు అత్తెసరుకి మారడంలో ఈ కుక్కర్ పాత్ర చాలా ఉంది. రుబ్బురోలు సంగతీ అంతే, కోయంబత్తూరులో పి. సభాపతి వెట్ గ్రైండర్ చేసిందీ 1955లోనే అంటారు. కోయంబత్తూరు గ్రైండర్‌కి జీఐ ట్యాగ్, అంటే ఫలానా ఊరి సరుకు అని చెప్పే గుర్తింపు, వచ్చింది, మంచిదే, కానీ ట్యాగ్ పేరుని కాపాడుతుంది, పాత మెషీన్లని కాదు, అవి పాత ఇనుము కింద కిలోల లెక్కన వెళ్ళిపోతాయి.

అందుకే ఇలాంటివి ప్రభుత్వ మ్యూజియాల్లో ఉండాలి, అదీ అద్దాల వెనక ఊరికే పెట్టడం కాదు, విప్పి లోపలేముందో చూపించాలి, వీలైతే నడిపించాలి, పక్కనే రుబ్బురోలు పెట్టి పిల్లల చేత పది నిమిషాలు రుబ్బించాలి. పొత్రం తిప్పిన చేతులతోనే మొదటిసారి గ్రైండర్ స్విచ్ వేసిన అమ్మమ్మలు, నానమ్మలు ఇంకా మన మధ్యే ఉన్నారు, వాళ్ళ మాటలు రికార్డు చేసే పని ముందు మొదలెట్టాలి, మెషీన్లు తర్వాత వెతుక్కోవచ్చు.