ఎవరు తరుముతున్నారమ్మా నిన్ను?

ఆడవాళ్లకు మాత్రమే అని పెట్టిన రన్‌లో పది కిలోమీటర్లు పరిగెత్తడానికి గుంటూరు నుంచి హైదరాబాద్ వెళ్లొచ్చాను. దీని మీద దేశం తీవ్రంగా ఆలోచించాల్సి ఉంది కాబట్టి ఈ నాలుగు ముక్కలు.

"ఎవరు తరుముతున్నారమ్మా నిన్ను?" అన్నారు మామగారు. "డబ్బు కట్టి మరీ పరిగెత్తాలా, మన కాలనీ రోడ్డు ఊరికే పడుందిగా" అన్నారు మావారు. ఆ ఊరికే పడున్న రోడ్డు మీద ఆరు నెలలుగా తెల్లవారుజామున ఐదింటికి నేను పరిగెడుతూనే ఉన్నానని, వీధికుక్కలు కూడా వెనకాల ఊరికే వస్తున్నాయని ఆయనకి తెలియదు పాపం, అప్పుడాయన నిద్రలో ఉంటారు. అత్తగారిది మాత్రం వైద్యశాస్త్రం: అలా ఎగిరెగిరి పరిగెడితే గర్భసంచి జారుతుందట.

నవ్వకండి. అమెరికాలో కూడా ఒకప్పుడు ఆడవాళ్లని సరిగ్గా ఇదే చెప్పి భయపెట్టేవారు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లు 800 మీటర్లు పరిగెత్తి ఆయాసపడ్డారని ఆ పందేన్నే ఎత్తేసి మళ్లీ 1960 దాకా పెట్టలేదు (మగవాళ్లు ఆయాసపడితే దాన్ని పోరాటం అంటారు). ఇక ఆడవాళ్ల మారథాన్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1984లో. అంటే మా అత్తగారు ఒలింపిక్ పెద్దల కన్నా మహా అయితే ఓ నలభై ఏళ్లు వెనకున్నారు, పైగా వాళ్లలా కాకుండా వెళ్లేముందు చేతిలో అల్లం టీ పెట్టారు.

మగవాళ్ల పందెంగానే నడిచిన 1967 బోస్టన్ మారథాన్‌లో క్యాథరిన్ స్విట్జర్ అనే అమ్మాయి 261 నంబరు తగిలించుకుని పరిగెడుతుంటే నిర్వాహకుడొకాయన వెంటపడి ఆ నంబరు పీకెయ్యబోయాడు. ఎంత మొరటుతనం! మనిళ్లల్లో నంబర్లు పీకరు. "వెళ్లమ్మా, ఎవరొద్దన్నారు, మరి ఆదివారం టిఫిన్ సంగతేంటి?" అంటారు, అంతే.

బిబ్, అంటే ఛాతీ మీద తగిలించుకునే నంబరు, ముందురోజే తీసుకోవాలన్నారని శుక్రవారం రాత్రి బస్సు. ఆ లోపు దోశల పిండి రుబ్బి, రెండు కూరలు, పప్పుచారు ఫ్రిజ్‌లో సర్ది, ఏ గిన్నె ఏ పూటకో చీటీలు అంటించి, పాలవాడికి చెప్పి, పిల్లాడి సైన్స్ ప్రాజెక్టుకి థర్మాకోల్ కోసిచ్చి బస్సెక్కాను. నా అభ్యంతరం ఇక్కడే. బిబ్‌కున్న చిప్పు స్టార్టింగ్ లైన్ దాటాకే టైము లెక్కపెడుతుంది. అన్యాయం. గ్రైండర్ స్విచ్ వేసినప్పటి నుంచి లెక్కపెట్టాలి.

ఆదివారం పొద్దున్నే నెక్లెస్ రోడ్డు, పీపుల్స్ ప్లాజా. ఎటు చూసినా గులాబీ రంగే, టీషర్టు, బెలూన్లు, చివరికి అరటిపళ్ల కౌంటర్ మీద గుడ్డ కూడా. నేనడిగింది ఎం సైజు, ఇచ్చిన ఎక్స్‌ఎల్‌లో నేనూ నా బిడ్డా కలిసి పరిగెత్తొచ్చు. వార్మప్ అంటూ జుంబా పెట్టారు గానీ మాలో సగం మందికి బాత్రూం క్యూలోనే అయిపోయింది. రెయిలింగ్ దగ్గర భర్తలు హ్యాండ్‌బ్యాగులు భుజాన వేసుకుని, చంటిపిల్లల్ని ఎత్తుకుని, ఫంక్షన్ హాల్లో భోజనాలు ఆలస్యమైనప్పుడు పెట్టే మొహాలతో నిలబడ్డారు. మైకులో ఒకాయన "అమ్మలూ, మీ కుటుంబం కోసం పరిగెత్తండి!" అని ఒకటే అరుపు. చివరికి ఇది కూడా కుటుంబం కోసమేనా? నేను నా కోసం వచ్చానని చెప్పడానికి మైకు ఆయన చేతిలో ఉంది.

హుస్సేన్‌సాగర్ వాసన మాత్రం మంచి కోచ్, ఎక్కడా ఆగనివ్వదు. ఆరో కిలోమీటరు దగ్గర అరవై దాటినావిడ ఒకరు, నేతచీర గోచీ పోసి కట్టి, నన్ను దాటిపోతూ "మెల్లగ రా బిడ్డా, ఏం తొందర లేదు" అంది. దాటిపోయేవాళ్లు ఆ మాట అనకూడదని రూల్ పెట్టాలి.

ఏడో కిలోమీటరులో మావారి ఫోన్. నాలుగుసార్లు మోగితే ఏమైందోనని టెన్షన్ పడి ఎత్తాను.

"ఇంగువ డబ్బా ఎక్కడుంది?"

పోపులపెట్టె వెనకాల అని చెప్పాను. అక్కడ లేదన్నారు. ఎడమపక్క అన్నాను. ఎవరి ఎడమ అన్నారు.

సర్టిఫికెట్ మీద 1 గంట 19 నిమిషాలని ఉంది. అందులో రెండు నిమిషాలు ఇంగువవి.