సవరణ: షెంజెన్‌లో 90 రోజుల లెక్క

షెంజెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో, 90 రోజులయ్యాక ఒకసారి బయటికెళ్లొస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుందని క్రితం పోస్టులో ఉన్న వాక్యాన్ని తీసేశాను. అలా రాదు.

ఏ రోజున చూసినా, ఆ రోజుతో కలిపి వెనక్కి 180 రోజులు లెక్కపెడతారు. అందులో మీరున్నవి 90 దాటకూడదు. దిగిన రోజు, వెళ్లిపోయిన రోజు రెండూ లెక్కలోకే. లీపు కాని ఏడాది జనవరి 1న దిగి మార్చి 31న బయటపడితే సరిగ్గా 90. ఇక జూన్ 30కి ముందు అడుగుపెట్టే వీల్లేదు. మధ్యలో షెంజెన్ బయటున్న సెర్బియాలో నెల గడిపినా అంతే. క్రొయేషియాకి వెళ్లమనే పాత సలహా అసలే పనికిరాదు, 2023 జనవరి నుంచి అదీ షెంజెన్‌లోనే ఉంది.

మన పాస్‌పోర్టుకి ఇంకో మెలిక. వీసా స్టిక్కర్ మీద తేదీలు నెలల తరబడి ఉన్నా, బస రోజుల గడిలో 15 అని ఉంటే 15 రోజులే. ముందు ఆ గడి చూడండి, తర్వాతే టికెట్లు.

పని సంగతి: హాస్టల్లో దుప్పట్లు మార్చి, రిసెప్షన్‌లో కూర్చుని, బదులుగా మంచం తీసుకోవడాన్ని చాలా దేశాలు పనిగానే చూస్తాయి, చేతికి పైసా రాకపోయినా. టూరిస్టు వీసా మీద ఆ సాహసం వద్దు. దర్జాగా పనిచేస్తూ తిరగాలంటే ఆస్ట్రేలియా 462 వీసా ఉంది: 18 నుంచి 30 ఏళ్లవాళ్లకి, భారతీయులకి ఏటా 1,000, అదీ లాటరీలో.