ఆర్‌ఎక్స్‌కి డ్యూక్ కాళ్లు: ఒక సమర్థన

పాత బండికి కొత్త సస్పెన్షన్ వేయించే కుర్రాళ్లని మా రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి పెద్దలు అన్యాయంగా ఆడిపోసుకుంటున్నారు. "లక్షణంగా ఉన్నదాన్ని చెడగొట్టుకోడానికి లక్ష తగలేశాడు" అని అరుగుల మీద కూచుని తీర్పులిచ్చేస్తున్నారు. లక్ష ఎక్కడైనా తగలెయ్యొచ్చు. దాన్ని ఇంటి ముందు నిలబెట్టుకుని, రోజూ పొద్దున్నే మెత్తటి గుడ్డతో తుడుచుకునేలా తగలెయ్యడం అందరి వల్లా కాదు. ఈ కుర్రాళ్ల తరఫున మాట్లాడే నాథుడు లేడు కాబట్టి ఆ భారం నేను నెత్తినేసుకుంటున్నాను.

ముందు బండి సంగతి. యమహా ఆర్‌ఎక్స్ 100. 1985 నుంచి 1996 దాకా మన దేశంలో ఎస్కార్ట్స్ వాళ్లు తయారుచేశారు. 98 సీసీ టూ స్ట్రోక్ ఇంజను, 11 గుర్రాల బలం, బరువు వంద కిలోలకి కాస్త అటూ ఇటూ. 18 అంగుళాల పుల్లల చక్రాలు, ముందు 2.50, వెనక 2.75 టైర్లు, రెండు వైపులా డ్రమ్ బ్రేకులు. అందులో గొప్ప ఇంజినీరింగ్ అద్భుతాలేమీ లేవు. బరువు తక్కువ, బలం చాలినంత, అంతే. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు దానికంటే పెద్ద బండ్లు గేరు తగ్గించుకుంటూ మూలుగుతుంటే, ఇది నీలం పొగ వదిలి వెళ్లిపోయేది. ఈ తేలికతనం చూసే కుర్రాడు మోజు పడతాడు. మోజు పడి, ఉన్న డబ్బంతా పోసి కొని, మర్నాటి నుంచే దానికి బరువు పెంచే పని మొదలెడతాడు.

మొదటి విడత ముందు ఫోర్కులు, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే జంట గొట్టాలు. సన్నగా, పాతకాలం గొట్టాల్లా ఉన్నవి తీసేసి, కేటీఎం డ్యూక్ 200 అనే కొత్తకాలం బండి నుంచి తెచ్చిన 43 మిల్లీమీటర్ల తలకిందుల ఫోర్కులు పెడతాడు. లావు గొట్టం పైన, సన్న గొట్టం కింద. ఇలా తిరగేసి కట్టడానికి నిజంగానే కారణం ఉంది. వంచే బలం ఎక్కువ పడేది పైన, టీ దగ్గర, అంటే రెండు ఫోర్కుల్నీ కలిపి పట్టే అడ్డపట్టీ దగ్గర. అక్కడ లావుంటే ఫోర్కు వంగదు, గట్టిగా బ్రేకు కొట్టినా చక్రం చెప్పిన మాట వింటుంది. మరి ఇన్నాళ్లూ ఆ వంగడమేదో పాత సన్న ఫోర్కే భరించేది. ఇప్పుడది వంగనంటే ఆ దెబ్బంతా వెళ్లి పడేది హ్యాండిల్ తిరిగే స్టీరింగ్ హెడ్ దగ్గర, ఫ్రేములోని నలభై ఏళ్ల వెల్డింగు మీద. అయితే ఫ్రేమ్ ఫోటోలో కనపడదు. బంగారు రంగు గొట్టాలు కనపడతాయి.

ఇక స్ప్రింగు విషయానికి వద్దాం. డ్యూక్ ఫోర్కులో స్ప్రింగులు 130 కిలోలు దాటిన బండికీ, దాని వేగానికీ లెక్కగట్టి పెట్టినవి. వాటిని మన బక్క బండి కింద పెడితే అవి అణగవు. మనిషి ఎక్కి కూచుంటే ముందు భాగం కొంచెం దిగాలి, గుంటలోకి చక్రం సాగడానికి ఆ దిగుడే కావాలి. ఇక్కడ దిగుడు లేదు. మోహన నుంచి పర్లాకిమిడి మీదుగా నరసన్నపేట వెళ్లే 326ఏ జాతీయ రహదారి మీద ప్రతి అతుకూ మణికట్టుకి విడిగా తెలుస్తుంది. కొత్త సస్పెన్షన్ వల్ల ప్రయాణం ఎలా ఉందని అడిగితే కుర్రాడు "స్టిఫ్‌గా ఉంది అన్నా, స్పోర్టీ ఫీల్" అంటాడు. అంత ధర పోసి కొన్నాక ఇంకేమంటాడు పాపం.

ఈ మార్పిడి ఎలా జరుగుతుందో గుణుపూర్‌లో ఒక మిస్త్రీ షెడ్డులో నిలబడి చూశాను. డ్యూక్ టీలోంచి స్టెమ్‌ని, అంటే హ్యాండిల్ తిరిగే ఇరుసుని, ప్రెస్సులో పెట్టి ఊడగొట్టారు. ఆర్‌ఎక్స్ స్టెమ్‌కి లేత్ మీద బుష్ చేయించి ఆ కన్నంలోకి దిగ్గొట్టారు. కోన్ సెట్‌లో, అంటే ఆ ఇరుసు తిరిగే బేరింగుల్లో, గ్రీజు కూరారు. గోడకి మేకు మీద కొలతలు తీసే వెర్నియర్ వేలాడుతోంది, విశ్వకర్మ పూజ నాటి కుంకుమ దాని మీద ఇంకా ఎండిపోయి ఉంది. కొలతలు మాత్రం చూపుడు వేలు, బొటన వేలు చూసుకుంటున్నాయి. ఫోర్కు వంపు ఎంత ఉంచుతున్నారని అడిగాను.

"హెడ్‌లైటు రోడ్డుకేసి చూస్తంది కదా బాబూ, ఇంకేటి కావాలి?" అన్నాడు మిస్త్రీ.

ఇంకేటి కావాలో చెప్పాలంటే కాస్త ఓపిక పట్టాలి. హ్యాండిల్ తిరిగే ఇరుసు గీతని నేల దాకా పొడిగిస్తే, అది టైరు నేలను తాకే చోటుకి కొంచెం ముందు పడుతుంది. ఈ మధ్య దూరాన్ని ట్రెయిల్ అంటారు. ఆఫీసు కుర్చీ కింది చక్రం కుర్చీని ఎటు తోస్తే అటు తనంతట తాను తిరిగి వెనకాల వచ్చినట్టు, ముందు చక్రాన్ని తిన్నగా ఉంచేది ఈ దూరమే. టైరుతో కలిపి చక్రం వ్యాసం తగ్గితే ట్రెయిల్ తగ్గుతుంది. ఫోర్కు పొట్టిదైతే బండి ముక్కు వంగి ఇంకాస్త తగ్గుతుంది, పొడుగుదైతే ముక్కు లేచి పెరుగుతుంది. టీలో ఇరుసుకీ ఫోర్కులకీ మధ్య ఎడం మారితే మళ్లీ లెక్కంతా మారుతుంది. కంపెనీల్లో ఈ లెక్కలకే ఇంజినీర్లకి జీతాలిస్తారు. మన షెడ్డులో ఈ మూడూ ఒకే మధ్యాహ్నం, టీ తాగే వ్యవధిలో మారిపోయాయి. తర్వాత వంశధార వంతెన మీద 80 దాటగానే హ్యాండిల్ దానంతటది ఊగడం మొదలెడితే, గాలి ఎక్కువగా ఉందన్నారు.

80 అన్నది కూడా అంచనాయే. ఆర్‌ఎక్స్‌లో స్పీడోమీటర్ కేబుల్ ముందు చక్రం డ్రమ్ములోంచి వస్తుంది. డ్యూక్ చక్రానికి ఆ కేబుల్ దూరే చోటే లేదు. అందుకని మీటరు సున్నా దగ్గర పడుకుంటుంది. వెంటనే అద్భుతం జరుగుతుంది: వంద దాటడానికి నానా తంటాలు పడే బండి, మీటరు చచ్చిన రోజు నుంచీ టీకొట్టు దగ్గర కబుర్లలో నూటఇరవై తక్కువ వెళ్లదు.

వెనక చక్రం దగ్గరికొస్తే నా వాదన ఇంకా బలపడుతుంది. 2.75 అంటే సుమారు 70 మిల్లీమీటర్ల వెడల్పు. దాని చోట 150 పెడతారు, అంటే రెట్టింపుకి పైమాటే. పాత చిమటాలో, అంటే వెనక చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే కాళ్లలో, అది పట్టదు కాబట్టి చిమటా కూడా డ్యూక్‌దే కావాలి. చక్రం లావెక్కేసరికి చెయిన్ పక్కకి జరుగుతుంది, ఇంజను దగ్గరి స్ప్రాకెట్‌ని బయటికి లాగాలి. పాత చెయిన్ పిచ్, అంటే లింకుల మధ్య దూరం, 12.7 మిల్లీమీటర్లు, డ్యూక్‌ది 15.875, ఒకదాని పళ్లు ఇంకోదానికి దొరకవు కనక అక్కడా లేత్ పనే. ఇన్ని తిప్పలూ పడ్డాక 11 గుర్రాలు ఆ రబ్బరునంతా లాక్కుపోవాలి. బండి స్టాండు మీద ఉన్నంతసేపూ ఇబ్బందేమీ లేదు. పక్కనుంచి చూస్తే చాలా గంభీరంగా ఉంటుంది. వెనకనుంచి చూస్తే ఇంకా గంభీరంగా ఉంటుంది.

చక్రాల మార్పిడి మా వైపు కొత్త కాదని పెద్దలకి గుర్తుచేయాలి. నౌపడ నుంచి గుణుపూర్ దాకా చిన్న రైలు 762 మిల్లీమీటర్ల గేజ్ మీద 2004 దాకా నడిచింది. తర్వాత దాన్ని బ్రాడ్ గేజ్ చేశారు, 2011లో పెద్ద రైలు గుణుపూర్ చేరింది. అయితే రైల్వే వాళ్లకి మన కుర్రాళ్లకున్నంత ధైర్యం లేదు. చక్రాలు మార్చే ముందు పిరికితనంతో పట్టాలు, కట్ట, వంతెనలు కూడా మార్చుకున్నారు. అందుకే ఏళ్లు పట్టింది. చక్రాలొక్కటే మార్చి పంపేస్తే ఓ వారంలో తేలిపోయేది.

మోనోషాక్ గురించి ఎక్కువ చెప్పను, చెప్పే కొద్దీ కళ్లు చెమరుస్తాయి. రెండు పక్కలా ఉన్న షాకప్‌లు సీటు కింది గొట్టాల మీద బరువు మోపేలా ఆ ఫ్రేమ్ పుట్టింది. వాటిని పీకేసి మధ్యలో ఒకటే పెడితే, వెనక నుంచి వచ్చే ప్రతి దెబ్బా ఇంతకు ముందు ఏ పనీ లేని చోటికి వెళుతుంది. అక్కడ ఒక పట్టీ వెల్డింగ్ చేస్తారు. వెల్డింగ్ పూస ఎంత లావుంటే అంత గట్టి అని మా వైపు నమ్మకం.

డిస్క్ బ్రేకు దగ్గర మాత్రం వెటకారం పక్కన పెడతాను. ఆ చిన్న ముందు డ్రమ్ వాన రోజు ఘాట్ దిగేటప్పుడు చేసేది బ్రేకు వేయడం కాదు, వినతిపత్రం ఇవ్వడం. డిస్కు కావాలనుకోవడం న్యాయమే. దానికి మామూలు 150 సీసీ బండి ఫోర్కులు, 240 మిల్లీమీటర్ల డిస్కు సరిపోతాయి, అవి అంత లావూ కావు, అంత బిగుసుకుపోవు. ఇక డిస్కు కూడా వద్దనుకుంటే, ఫోర్కుల్లో ఆయిల్ మార్చి, సీళ్లు, కోన్ సెట్, చిమటా బుష్‌లు కొత్తవి వేసి, మంచి షాకప్‌లు, మంచి బ్రేక్ షూలు, అదే సైజులో నాణ్యమైన టైర్లు తొడిగితే బండి తన వయసు మరిచిపోతుంది. మొత్తం కొన్ని వేలల్లో తేలుతుంది. ఎవరూ చేయించరు. అంతా అయ్యాక బండి ముందున్నట్టే ఉంటుంది, మరి ఎవరికి చూపించాలి?

చట్టం ఒకటుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో, మార్పులు చేయించిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ అని రాశారు. ఒక్కో మార్పుకి అన్నారు కాబట్టి లెక్క పారదర్శకంగా ఉంది. ఫోర్కులకింత, ముందు చక్రానికింత, చిమటాకింత అని మిస్త్రీ బిల్లు పక్కనే ఇంకో గడి గీసుకుంటే సరిపోతుంది.

2021లో కేంద్రం వింటేజ్ బండ్లకి ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటాలి, పుట్టినప్పటి రూపంలోనే ఉండాలి. అప్పుడు వీఏ అన్న అక్షరాలతో నంబరిస్తారు. 1985 నాటి ఆర్‌ఎక్స్‌కి ఆ గౌరవం 2035లో గానీ రాదు. మా కుర్రాళ్లు అప్పటిదాకా ఆగలేక స్టిక్కర్ల కొట్లో "వింటేజ్" అని ఇప్పుడే రాయించుకుని ట్యాంకు మీద అతికిస్తున్నారు. బండిలో పుట్టినప్పటి రూపంలో మిగిలింది ఆ ట్యాంకొక్కటే కనక, అతికించిన చోటు సరైనదే.

ఇన్ని బండ్ల ముక్కలు కలిసిన దాన్ని ఇంకా ఆర్‌ఎక్స్ అని ఎలా పిలుస్తారని పట్నం మేధావులు అడుగుతారు. వాళ్లకి మా చరిత్ర తెలియదు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీని రెండు చేసి, ఊరిని ఒక రాష్ట్రంలో, జమీలో పెద్ద భాగాన్ని ఇంకో రాష్ట్రంలో పెట్టారు. అప్పటి నుంచీ మాది ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బంధువులు పాతపట్నంలో, ఓటు గజపతి జిల్లాలో. ముక్కలన్నీ ఒక పేరు కింద నడిపించడంలో మాకున్న అనుభవం ఇంకెవరికీ లేదు. చెక్‌పోస్టుకి ఇవతలి కానిస్టేబుల్ ఒడియాలో "ఇది ఏ బండి?" అన్నా, అవతలి ఆయన తెలుగులో అదే అడిగినా, మా వాడు తడుముకోకుండా ఒకే జవాబు చెబుతాడు.

కాకపోతే ఆర్‌సీ గడువు మాత్రం తీరుతూ ఉంటుంది. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రెన్యువల్, దానికి తనిఖీ. ఆ రోజు బండి పుట్టినప్పటి రూపంలో కనపడితే అందరికీ మంచిది. ఇక్కడే మా మిస్త్రీ దూరదృష్టి బయటపడింది. కుర్రాళ్లు ఊడదీయించుకుని "ఈ చెత్త నువ్వే ఉంచుకో" అని వదిలేసిన ఒరిజినల్ ఫోర్కులు, పుల్లల చక్రాలు, చిమటాలు ఆయన షెడ్డు వెనక బస్తాల్లో నూనె రాసి దాచాడు. తనిఖీకి ఒక పూట తొడుక్కుని తిరిగిచ్చేలా అద్దెకిస్తాడు. బిగింపు కూలి వేరు.

మొన్న ఒక కుర్రాడు వచ్చి బేరమాడాడు. ఒక్క పూటకి అంత అద్దేంటని గోల పెట్టాడు. మిస్త్రీ బస్తా విప్పి ఫోర్కులు బయటికి తీసి, వాటి మీద గీసిన నంబరు చూసి, కాసేపు ఆలోచించాడు.

"సర్లెండి, మీకు తగ్గిస్తాను బాబూ," అన్నాడు. "ఇవి మీయే కదా."