జేబులోని ముక్క మెషిన్ గన్, వెయ్యి తూటాల రైఫిల్ కాదట!

గ్లాక్ స్విచ్ రూపాయి బిళ్లంత ఉంటుంది. గ్లాక్ కంపెనీ పిస్టల్ వెనక బిగిస్తే, ట్రిగ్గర్ మీద నుంచి వేలు తీసేదాకా తూటాలు ఆగవు. తుపాకీకి బిగించక్కర్లేదు, ఊరికే జేబులో ఉన్నా సరే, అమెరికా ఫెడరల్ చట్టానికి ఆ ముక్కే ఒక మెషిన్ గన్. దొరికితే పదేళ్ల దాకా జైలు.

2017 అక్టోబర్ 1 రాత్రి లాస్ వెగాస్‌లో ఓ హోటల్ 32వ అంతస్తు నుంచి పది నిమిషాల్లో వెయ్యికి పైగా తూటాలు కురిశాయి. 60 మంది పోయారు. ఆ పని చేసిపెట్టిన బంప్ స్టాక్ (రైఫిల్ వెనక తగిలించే పరికరం) మాత్రం మెషిన్ గన్ కిందికి రాదని 2024 జూన్ 14న అమెరికా సుప్రీంకోర్టు 6-3తో తేల్చేసింది.

తీర్పు రాసిన జస్టిస్ క్లారెన్స్ థామస్‌ను చాలామంది తిట్టిపోశారు. నేను తిట్టను. 1934 నాటి చట్టం అడిగేది ఒక్కటే: ట్రిగ్గర్ ఒక్కసారి పనిచేస్తే ఒకటికి మించి తూటాలు వాటంతటవే వస్తాయా? బంప్ స్టాక్ తగిలించిన రైఫిల్‌ను చూడండి. వేలు కదలదు. తూటా పేలిన అదురుకి తుపాకీ వెనక్కి జారుతుంది, ఎడమ చెయ్యి దాన్ని ముందుకు నెడుతుంది, ట్రిగ్గర్ వచ్చి మళ్లీ వేలికి గుద్దుకుంటుంది. అంటే తూటాకో ట్రిగ్గర్ దెబ్బ. థామస్ తీర్పులో ట్రిగ్గర్ బొమ్మలు పెట్టి మరీ ఇది చూపించారు. నవ్వొచ్చినా, ఆ లెక్క తప్పని మాత్రం అనలేం.

బాతులా నడిచి, బాతులా ఈది, బాతులా అరిచేదాన్ని బాతనే అంటానని జస్టిస్ సోటోమయోర్ భిన్నాభిప్రాయం రాశారు. వినడానికి బాగుంది. కానీ మనిషిని జైలుకు పంపే చట్టాన్ని పోలికలతో చదవడం మొదలెడితే, పోలిక చెప్పేవాడి నోటిమాటే చట్టమైపోతుంది.

అసలు జరిగిందీ అదే. తుపాకుల వ్యవహారం చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఏటీఎఫ్ 2008 నుంచి 2017 దాకా పదేపదే ఉత్తరాలు రాసింది, ఈ బాపతు పరికరాలు మెషిన్ గన్లు కావని. లాస్ వెగాస్ తర్వాత, 2018 డిసెంబర్‌లో, అవునంది; కోర్టు కొట్టేసింది ఈ మాటనే. మధ్యలో చట్టంలో ఒక్క అక్షరం మారలేదు. కొనుక్కున్నప్పుడు తప్పు కాని వస్తువును 90 రోజుల్లో నాశనం చెయ్యాలి, లేదా అప్పగించాలి. అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) సభ్యులకు ఇంతకంటే హాయి ఏముంది? పని జరిగిపోయింది, ఓటు వేసి ఎవరికీ చెడ్డవాళ్లు కానక్కర్లేదు.

ఈ రోగం అమెరికాదే అనుకుంటే పొరపాటు. మన 1959 ఆయుధ చట్టం ఈ ఒక్క విషయంలో నయమే. ట్రిగ్గర్ మీద ఒత్తిడి తీసేదాకా తూటాలు వస్తూనే ఉండేలా తయారుచేసిందైనా, అలా మార్చిందైనా నిషిద్ధమేనని పార్లమెంటే రాసింది. (బంప్ స్టాక్‌ను ఇందులోంచి తప్పించే లాయరు మనకూ దొరుకుతాడనుకోండి.) ఇప్పుడలా రాసే ఓపిక ఏది? ఏ కొత్త చట్టం తెరిచినా 'నిర్దేశించిన విధంగా' అన్న మాటే. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో పాసైంది. దాన్ని నడిపించే నియమాలు 2025 నవంబర్‌లో గానీ రాలేదు. అవి రాసింది మనం ఓటేసి పంపినవాళ్లు కాదు, మంత్రిత్వ శాఖ.

తీర్పుతో ఏకీభవిస్తూనే జస్టిస్ అలిటో విడిగా చిన్న నోట్ రాశారు: కాంగ్రెస్ కావాలంటే చట్టాన్ని సవరించుకోవచ్చు, దారి తెరిచే ఉంది. నాలుగు రోజులకు, జూన్ 18న, బంప్ స్టాక్‌లను నిషేధించే బిల్లును ఏకగ్రీవంగా ఆమోదించమని డెమొక్రాట్లు సెనేట్‌ను అడిగారు. నెబ్రాస్కా సెనేటర్ పీట్ రికెట్స్ లేచి అభ్యంతరం చెప్పారు. ఏకగ్రీవమంటే ఒక్కరు కాదన్నా చాలు. బిల్లు అక్కడే ఆగింది, మిగతావాళ్లకు ఓటు వెయ్యాల్సిన అవసరమే రాలేదు.